ముందు టైరు సంగతి చూడండి: స్టీల్ ఆల్-రోడ్ సైకిల్ గురించి

బెంగళూరులో తెలుగు సైకిల్ మిత్రులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

నన్ను అందరూ అడిగేది ఒకటే. "స్టీల్ ఆల్-రోడ్ సైకిల్ కొన్నానండీ, ఇప్పుడు ఏం మార్చాలి?" కొని నెల కూడా అయ్యుండదు. అప్పటికే ఫోన్‌లో జాబితా రెడీగా ఉంటుంది. కార్బన్ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం), కార్బన్ హ్యాండిల్‌బార్, తేలిక చక్రాలు, పన్నెండు గేర్ల క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తి. నేను తిరిగి ఒకటే అడుగుతాను. "మీరు ఏ దారిలో తొక్కుతున్నారు?" దానికి మాత్రం చప్పున జవాబు రాదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దారి తెలియకుండా కొన్న సామాను అలంకారానికే పనికొస్తుంది.

అసలు ఆల్-రోడ్ అంటే ఏమిటి? తారు రోడ్డు మీద మరీ వెనకబడకూడదు, మట్టిదారిలో మరీ భయపెట్టకూడదు. హ్యాండిల్ రేసు సైకిల్‌లా కిందికి వంగి ఉంటుంది. టైరు 32 నుంచి 42 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. మడ్‌గార్డు, క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేముకి కన్నాలుంటాయి. ఇదేదో కొత్త అవతారం అనుకుంటున్నారా? మన ఊళ్ళలో నల్ల సైకిల్ గుర్తుచేసుకోండి. దాని టైరు 28 బై ఒకటిన్నర అంగుళాలు, అంటే దగ్గరదగ్గర 40 మిల్లీమీటర్ల వెడల్పు. స్టీల్ ఫ్రేము, మడ్‌గార్డులు, క్యారియర్, టైరుకి రాసుకుని వెలిగే డైనమో. పాల క్యాన్లు కట్టుకుని బండ్లబాటలో వెళ్ళింది, బస్తా వేసుకుని చెరువుకట్ట మీద వెళ్ళింది. గేర్లు లేవు, బ్రేకులు అంతంతమాత్రం, బరువు ఎక్కువ. ఆ మూడూ సరిచేస్తే ఇవాళ మనం వేలకు వేలు పోసి కొంటున్న సైకిలే అది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది, ఇంగ్లండ్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ళతో కలిసి. హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళు అక్కడివే. ఆ ఇంగ్లండ్ కంపెనీ గొడుగు కిందే సైకిల్ గొట్టాలు చేసే రేనాల్డ్స్ కూడా ఉండేది. 1935లో 531 అనే గొట్టాన్ని తెచ్చింది వాళ్ళే, మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు. టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాళ్ళు చాలామంది ఆ గొట్టాల మీదే గెలిచారు. మన పోస్ట్‌మ్యాన్ సైకిలూ, ఆ రేసు సైకిలూ ఒక రకంగా దాయాదులన్నమాట.

ఇప్పుడు స్టీల్ సంగతి. చవక సైకిళ్ళలో వాడేది హై-టెన్ అనే మామూలు ఉక్కు. కాస్త ఖరీదైనవాటిలో క్రోమోలీ, దాని నంబరు 4130. దాదాపు ఒక శాతం క్రోమియం, పావు శాతం లోపు మాలిబ్డినం ఉంటాయి. ఇక్కడ ఒక తమాషా చూడండి. రెండు ఉక్కులదీ ఒకే బరువు, వంగడంలో కూడా రెండూ ఒకటే. తేడా బలంలో ఉంది. క్రోమోలీకి బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడని పల్చగా చేయొచ్చు. అతుకుల దగ్గర 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6, అలా. దాన్నే బటెడ్ ట్యూబ్ అంటారు. గోటితో కొట్టుకుంటూ వెళ్ళండి, చివరల్లో ఒక చప్పుడు, నడుమ ఇంకో చప్పుడు వస్తుంది.

"స్టీల్ కాబట్టి ఏ పల్లెటూరి వెల్డింగ్ షాపులోనైనా అతికించేసుకోవచ్చు" అంటారు. విన్నారా ఈ మాట? నల్ల సైకిల్‌కి నిజం. అర మిల్లీమీటరు చిల్లర మందం ఉన్న గొట్టం మీద గేట్లు అతికించే ఆర్క్ వెల్డింగ్ పెడితే పెద్ద బొక్క పడుతుంది. ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగ్ చేసేవాళ్ళు, టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ళు ఉంటే బాగుచేయొచ్చు. క్యారియర్ విరిగితే మాత్రం నిశ్చింతగా ఊళ్ళో వెల్డింగ్ చేయించుకోండి. ఫ్రేము జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

ఇంకో మాట, "స్టీల్ ఫ్రేము మెత్తగా ఉంటుంది, ఒళ్ళు నొప్పులు రావు" అని. నాకు స్టీల్ అంటే ఇష్టమే, అయినా చెబుతున్నాను, ఈ మాటలో సగానికి సగం టైరుకి చెందాల్సిన పొగడ్త ఉంది. గుంటలో పడ్డప్పుడు ఫ్రేము కిందికి ఎంత వంగుతుంది? చాలా కొంచెం. టైరు? 38 మిల్లీమీటర్ల టైరులో గాలి సరిగ్గా ఉంటే మనం కూర్చున్నప్పుడే ఐదారు మిల్లీమీటర్లు కుంగుతుంది, గుంటలో ఇంకా కుంగుతుంది. మరి డబ్బు దేని మీద పెట్టాలి?

అందుకే అంటున్నాను, ముందు టైరు. మళ్ళీ చెబుతున్నాను, ముందు టైరు.

టైరు కొనేముందు కొలవాల్సింది సందు. ఫోర్కు కాళ్ళ మధ్య, వెనక గొట్టాల మధ్య, పైన బ్రేకు కింద. మూడు చోట్లా కొలవండి. టైరుకి అటూ ఇటూ కనీసం నాలుగైదు మిల్లీమీటర్లు ఖాళీ మిగలాలి. మడ్‌గార్డు వేస్తే ఇంకొంచెం. కంపెనీ వాళ్ళు 42 పడుతుందన్నారంటే ఎండిన రోడ్డు మీద పడుతుందని అర్థం చేసుకోండి. హెసరఘట్ట వైపు వాన పడ్డ మర్నాడు వెళ్ళారా ఎవరైనా? ఆ ఎర్రమట్టి టైరుకి అంటుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, చక్రం తిరగనివ్వదు. అప్పుడు పుల్ల పెట్టి గీకుతూ కూర్చోవడమే.

టైరు గోడ పల్చగా, మెత్తగా ఉన్నది కొనండి. పంక్చర్ కాదని లోపల మందపాటి రబ్బరు పట్టీ వేసిన టైరు బరువుకి బరువు, దానికితోడు ప్రతి తిరుగుడుకీ అది వంగడానికే మీ శక్తిలో కొంత పోతుంది. "మరి ముళ్ళండీ?" అంటారు. నిజమే, మన వైపు తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు లేని దారేది? దానికి ట్యూబ్‌లెస్ ఉంది. లోపల పోసే ద్రవం చిన్న కన్నాలని అక్కడికక్కడే మూసేస్తుంది. కాకపోతే మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. వాల్వు తీసి పుల్లతో చూసుకుంటూ ఉండాలి. అంత ఓపిక లేనివాళ్ళు ట్యూబులే వాడుకోండి, తప్పేం లేదు. రెండు ట్యూబులు, పంపు, ప్యాచ్ డబ్బా సంచిలో ఉంటే చాలు.

ఇక గాలి. పంక్చర్ షాపు అబ్బాయి బొటనవేలితో నొక్కి "గట్టిగా ఉంది సార్" అంటాడు. గట్టిగా ఉండటమే మన కష్టం. ఫ్రాంక్ బెర్టో అని ఒక అమెరికా ఆయన లెక్కలు వేసి, బరువు పడ్డప్పుడు టైరు ఎత్తులో 15 శాతం కుంగితే బాగుంటుందని చెప్పాడు. 75 కిలోల మనిషికి, 38 మిల్లీమీటర్ల టైరుకి, ముందు 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 40 దగ్గర మొదలుపెట్టండి. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది, అందుకే అక్కడ గాలి తక్కువ. రిమ్ముకి టక్కుమని తగిలితే రెండు పెంచండి. మలుపులో టైరు పక్కకి జారినట్టు అనిపించినా పెంచండి. ఎక్కువ గాలి ఉంటే వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే చేతులు జిలజిలమంటాయి. జిలజిల వేరు, వేగం వేరు. గరుకు రోడ్డు మీద మిమ్మల్నీ సైకిల్‌నీ ఎగరేయడానికి పోయిన శక్తి ముందుకు పోదు. గేజి ఉన్న పంపు కొనండి. నా దృష్టిలో మొదటి అప్‌గ్రేడ్ అదే, దాన్ని సైకిల్‌కి బిగించక్కర్లేకపోయినా.

650బి గురించి అడుగుతారని తెలుసు. చిన్న రిమ్ము, లావు టైరు. రోడ్డు సైకిళ్ళకి మామూలుగా ఉండే 700సి రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, 650బి ది 584. ఇప్పుడు లెక్క చూడండి. 584కి 47 టైరు అటూ ఇటూ కలిపితే 678. 622కి 28 టైరు అటూ ఇటూ కలిపితే? అదీ 678. చక్రం మొత్తం ఎత్తు మారదు, లోపల గాలి మాత్రం బోలెడంత పెరుగుతుంది. డిస్క్ బ్రేకులుంటే, ఫ్రేములో అంత వెడల్పు పడితే, రెండు జతల చక్రాలు పెట్టుకోవచ్చు. రిమ్ బ్రేకులుంటే మాత్రం కుదరదు. రిమ్ము అంచు 19 మిల్లీమీటర్లు కిందికి పోతుంది, బ్రేకు రబ్బరు అక్కడికి అందదు. నన్నడిగితే, బెంగళూరు చుట్టుపక్కల తిరగడానికి 700సి మీద 38 చాలు. తురహళ్ళి లాంటి అడవి దారుల్లోనే ఎక్కువ తిరిగేవాళ్ళకి 47 హాయి.

టైరు తర్వాత? గేర్లు. ఇక్కడే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. పెద్ద గేరు కావాలంటారు. నంది కొండ ఎక్కేవాడికి కావలసింది చిన్న గేరు కదా! అంకెలతో చూద్దాం, కాస్త ఓపిక పట్టండి. ముందు, పెడల్ దగ్గరుండే పళ్ళచక్రాల్లో (చైన్‌రింగుల్లో) చిన్నది 34 పళ్ళు, వెనక పెద్దది 28 పళ్ళు. రేసు సైకిళ్ళలో మామూలుగా దొరికే జత ఇది. 38 టైరుతో, పెడల్ నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకి 9.6 కిలోమీటర్లు. నూరు మీటర్లకి ఎనిమిది మీటర్లు లేచే మిట్ట మీద, మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలైతే, ఆ వేగానికి సుమారు 195 వాట్లు కావాలి. అంత శక్తి అరగంటసేపు ఇవ్వగలవాళ్ళు ఈ గదిలో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా!

ఇప్పుడు ముందు 30, వెనక 34 వేయండి. అదే 60 తిప్పుళ్ళకి గంటకి 7 కిలోమీటర్లు, సుమారు 140 వాట్లు. మోకాలు మీది, గుండె మీది, ఆలోచించుకోండి. నంది కొండ సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తు, మన ఊరు 900 పైచిలుకు. ఆ తేడాలో ఎక్కువ భాగం చివరి ఘాట్‌లోనే ఎక్కాలి. కొండ మీద దిగి తోసుకుంటూ వెళ్ళేవాళ్ళలో చాలామందికి తక్కువైంది గేరే, బలం కాదు.

దీనికి పక్కనే బరువు లెక్క కూడా చూడండి. సైకిల్ బరువు ఒక కిలో తగ్గించడానికి ఎంత ఖర్చవుతుందో మీకు తెలుసు. నలభై నిమిషాల మిట్ట మీద ఆ కిలో మీకు ఇచ్చేది అర నిమిషం. అదే డబ్బులో ఎన్నోవంతుకో 46-30 చైన్‌రింగులు, 11-34 క్యాసెట్ వస్తాయి.

వెనక డిరైలర్, అంటే చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే పరికరం, మార్చేటప్పుడు రెండు చూసుకోవాలి. అది ఎంత పెద్ద పళ్ళచక్రం దాకా ఎక్కుతుంది, ఎంత చైన్‌ని సర్దుకుంటుంది. రెండోదానికి లెక్క తేలికే. 46లోంచి 30 తీస్తే 16, 34లోంచి 11 తీస్తే 23, మొత్తం 39. ఆ 39ని మోయగల డిరైలర్ కావాలి. ఇంకో చిక్కు ఏంటంటే, షిమానో కంపెనీ సామానులో రోడ్డు సైకిల్ షిఫ్టరు (గేరు మార్చే లివరు) ఒక క్లిక్కుకి లాగే కేబులూ, మౌంటెన్ సైకిల్ డిరైలర్ అడిగే కేబులూ పది గేర్ల రకం నుంచి వేరైపోయాయి. తొమ్మిది గేర్ల వరకు రెండూ కలుస్తాయి. అందుకే పాత తొమ్మిది గేర్ల సైకిల్ ఉన్నవాళ్ళు పారేయకండి, మీరు అదృష్టవంతులు. రోడ్డు షిఫ్టర్లు అలాగే ఉంచి వెనక తొమ్మిది గేర్ల మౌంటెన్ డిరైలర్ వేసుకోండి, పెద్ద క్యాసెట్ దర్జాగా పనిచేస్తుంది.

క్రాంకు, అంటే పెడల్ బిగించే చెయ్యి, మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. క్రాంకు ఇరుసు తిరిగే చోటుని బాటమ్ బ్రాకెట్ అంటారు. మామూలు మర ఉన్న బాటమ్ బ్రాకెట్‌లో చైన్ వైపు కప్పు ఎడమ మర. అంటే విప్పాలంటే గడియారం తిరిగే వైపే తిప్పాలి. కొత్త కుర్రాడు బలం కొద్దీ రెండో వైపు తిప్పి మర పాడుచేస్తే ఫ్రేముకే దెబ్బ. పక్కన నిలబడి చూడండి. మొహమాటం వద్దు.

బ్రేకుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రేములో డిస్క్ ఏర్పాటు లేకపోతే డిస్క్ ఆశ వదులుకోండి. ఫోర్కుకి ముక్క వెల్డింగ్ చేయించి డిస్క్ పెట్టినవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. డిస్క్ లాగే బలం ఫోర్కులో ఒక కాలి మీదే పడుతుంది, దానికి తగ్గట్టు చేసిన కాలు కాదది. రిమ్ముని పట్టే కాంటిలివర్ బ్రేకులే మంచి రబ్బర్లు వేసి, కొత్త కేబుల్ వేసి, సరిగ్గా సర్దితే బాగా ఆపుతాయి. పొడవాటి చేతులుండే వీ-బ్రేకు వేద్దామంటే, వంపు హ్యాండిల్ లివరు లాగే కేబుల్ తక్కువ, వీ-బ్రేకు అడిగేది ఎక్కువ. చేతులు పొట్టిగా ఉండే మినీ వీ-బ్రేకులు దానికి సరిపోతాయి. కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు ఉన్నవాళ్ళు కేబుల్ బయటి తొడుగుని ఒత్తిడికి కుదించుకుపోని రకానికి మార్చండి. తక్కువ ఖర్చు, లివరు పట్టుకోగానే తేడా తెలుస్తుంది.

సీటు, హ్యాండిల్, ఇవి ఒంటిని బట్టి. ఎవరి సలహా విని కొనకండి, నాది కూడా.

తుప్పు. ఆ, ఎవరో అడిగారు ఇందాక. స్టీల్ కొన్నవాళ్ళందరికీ ఇదే టెన్షన్. పైన పెయింటు ఉంటుంది కాబట్టి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. వాన నీళ్ళు సీట్‌పోస్ట్ పక్క నుంచి దిగి కింద బాటమ్ బ్రాకెట్ దగ్గర నిలుస్తాయి. అక్కడ చిన్న కన్నం ఉంటుంది, మట్టితో మూసుకుపోకుండా చూసుకోండి. లేకపోతే సీట్‌పోస్ట్ తీసి సైకిల్‌ని తలకిందులు చేస్తే ఎన్ని నీళ్ళొస్తాయో చూడండి. ఏడాదికోసారి లోపల పట్టించడానికి ఖరీదైన స్ప్రేలున్నాయి. పెయింటు కొట్లో దొరికే అవిసె నూనె కూడా ఆ పని చేస్తుంది. పోసి, అటూ ఇటూ తిప్పి, కారనిచ్చి, రెండ్రోజులు ఆరబెట్టండి. నూనె తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేయండి.

స్టీల్ ఫ్రేములో అల్యూమినియం సీట్‌పోస్ట్ ఉంటే గ్రీజు తప్పనిసరి. చెమట, తడి చేరితే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. తర్వాత రంపం తప్ప దారుండదు. రెండు నెలలకోసారి తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. చెన్నై నుంచి వచ్చినవాళ్ళున్నారా ఇక్కడ? మీకు నెలకోసారి. ఈసీఆర్, అదే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, మీద సముద్రపు గాలి ఊరుకోదు. ఇంట్లో సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే ట్రైనరు మీద తొక్కేవాళ్ళు కూడా వినండి, వాన కంటే మీ చెమట చెడ్డది.

ఇక తొక్కడం. అసలు విషయానికి ఇప్పుడొచ్చాం.

మన తెలుగువాళ్ళకి నేను చెప్పే దారి లేపాక్షి. యలహంక దాటి దొడ్డబళ్ళాపుర, మాకళిదుర్గ కొండల పక్కగా గౌరిబిదనూరు, అక్కడి నుంచి హిందూపురం, లేపాక్షి. దాదాపు 120 కిలోమీటర్లు. దేవనహళ్ళి వైపు హైవే మీద కూడా వెళ్ళొచ్చు, లారీల హోరు ఇష్టమైతే. ఈ దారిలో తారు ఉంటుంది, తారు పోయిన తారు ఉంటుంది, చెరువుకట్టలు ఉంటాయి, పక్క ఊళ్ళ గుండా మట్టి అడ్డదారులు ఉంటాయి. ఆల్-రోడ్ సైకిల్ చేసింది ఇలాంటి దారికే. గౌరిబిదనూరు ప్రాంతం వచ్చేసరికి టీ కొట్టు దగ్గర కన్నడం, తెలుగు కలగలిసిపోతాయి. దగ్గర్లోనే విదురాశ్వత్థ ఉంది. 1938 ఏప్రిల్‌లో జెండా ఎగరేయబోయినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. ఆగి చూడండి. లేపాక్షిలో వీరభద్రుడి గుడి, ఏకశిలా నంది ఎలాగూ చూస్తారు. తిరుగు ప్రయాణం తొక్కలేకపోతే హిందూపురం స్టేషన్ ఉంది, సైకిల్‌ని లగేజిలో బుక్ చేసి రైలెక్కేయొచ్చు. సిగ్గుపడే పనేం లేదు.

ఈ దారిలో నవంబరు నుంచి జనవరి దాకా ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రైతులు కోసిన రాగుల పైరు, ఉలవ పైరు రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. చూడ్డానికి పరుపులా ఉంటుంది, కింద గింజలు జారతాయి. దాని మీద ముందు బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నేరుగా, నెమ్మదిగా వెళ్ళాలి. ఇంకా మంచిది దిగి పక్కన నడవడం. తీగలు డిరైలర్‌కి చుట్టుకుంటే ఆ ఊళ్ళో దానికి బదులు దొరకదు. పైగా వాళ్ళ పంట అది, మన ట్రాక్ కాదు.

మట్టిలో, ఇసుకలో కొత్తవాళ్ళు చేసేది హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవడం. వదులుగా పట్టుకోండి, మోచేతులు వంచండి. ముందు చక్రం అటూ ఇటూ కదులుతుంది, కదలనివ్వండి. ఇసుక వచ్చే ముందే గేరు తగ్గించి, పెడల్ ఆపకుండా తిప్పుతూ దాటండి. బ్రేకు ఇసుకకి ముందు, ఇసుకలో కాదు. చూపు మీ టైరు మీద కాదు, పది మీటర్ల అవతల. గుర్తులు లేని స్పీడు బ్రేకర్లు కూడా అలా చూస్తేనే ముందుగా కనిపిస్తాయి.

200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరప్రయాణం, చేద్దామనుకునేవాళ్ళు కొందరున్నారు. పదమూడున్నర గంటలు టైము. కొత్త సామాను ఏదీ ఆ రోజు మొదటిసారి వాడకండి. టైరైనా, సీటైనా, చెప్పుకోడానికి చిన్నదే అయినా.

చివరగా చైన్. దీని గురించి ఎవరూ అడగరు. చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. ఒక పిన్ను దగ్గర స్కేలు సున్నా పెడితే, దాని తర్వాత ఇరవైనాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందా, చైన్ మార్చండి. ఎనిమిదో వంతు దాటిందా, అప్పటికే క్యాసెట్ పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, ఒకటి కాదు రెండూ కొనాలి. మన ఎర్రమట్టి నూనెతో కలిస్తే సానపట్టే ముద్దలా తయారవుతుంది, చైన్లు మీరనుకున్న దానికంటే తొందరగా పోతాయి. స్కేలు నా సంచిలో ఉంది. కాఫీ వచ్చినట్టుంది. కప్పులు తీసుకుని బయటికి రండి, ఒక్కొక్కరి చైన్ కొలుద్దాం. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి. గాలి గేజి కూడా తెచ్చాను. పొద్దున పంక్చర్ షాపులో గాలి కొట్టించుకుని వచ్చినవాళ్ళు ముందు రండి.